టికెట్ లేని తొమ్మిదో మనిషి

మా విమానం హైవే మీద బిర్యానీ హోటలు కాబోయింది సంగయ్య వల్లే. కాకుండా ఆగింది కూడా సంగయ్య వల్లే. జహీరాబాద్‌లో సగం మంది మొదటి ముక్క చెప్పి నవ్వుతారు, మిగతా సగం రెండో ముక్క చెప్పి దండం పెడతారు. నేను ఆ విమానం ఆఫీసులో టికెట్లు రాసే భాగీరథిని. నాలుగేళ్లుగా ఆయన పక్క కుర్చీలో కూర్చుంటున్నాను కాబట్టి రెండు ముక్కలూ కలిపి చెప్పే హక్కు నాకే ఉంది.

జహీరాబాద్‌లో విమానం ఏమిటని మాత్రం అడగకండి. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ట్రాక్టర్లు తయారయ్యే ఊరు, చెరుకూ అల్లమూ పండే ఊరు, బొంబాయి లారీలు ఆగి టీ తాగే ఊరు. ఇన్ని ఉండగా ఒక విమానం ఉంటే ఎవరి సొమ్మేం పోయింది?

కోహీర్ దగ్గరి మదన్‌మోహన్ సారు ముప్పై ఏళ్లు పెద్ద కంపెనీల విమానాలు నడిపి రిటైరై ఇంటికొచ్చాడు. అలాంటివాళ్లు మామూలుగా మామిడి తోట పెట్టుకుంటారు. ఈయన తండ్రి ఇచ్చిన ఎర్ర మొరం చెలకను చదును చేయించి రన్‌వే వేశాడు. మూతబడిన ఒక ఫ్లయింగ్ క్లబ్బు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతున్న రెండు పాత ప్రొపెల్లర్ విమానాలను విప్పించి లారీల మీద తెచ్చాడు. రెండూ ఆయనకంటే వయసులో పెద్దవి. ఎగిరేదానికి పెద్దమ్మ అని, ఎగరలేనిదానికి చిన్నమ్మ అని పేర్లు పెట్టుకున్నాం. పెద్దమ్మలో ఏది పాడైనా చిన్నమ్మలోంచి పీకి బిగించేవాళ్లం. కుటుంబాల్లో ఇది కొత్తేమీ కాదు.

'మంజీరా ఎయిర్' అని బోర్డు కట్టాం. ఎనిమిది మంది ప్రయాణికులు, ఒక పైలట్. శని, ఆదివారాల్లో విమానం లేచి, ఝరాసంగం గుడి మీదుగా సింగూరు నీళ్ల దాకా పోయి, మళ్లీ లేచిన చోటే దిగుతుంది. ఎక్కడికీ పోని విమానానికి జనం ఎందుకు వచ్చేవారో నాకిప్పటికీ తెలియదు. మొదటి నెలలోనే ఒక పెద్దమనిషి రాయికోడ్ క్రాస్ దగ్గర జర స్లో చేయమన్నాడు, దిగిపోతానని. పెళ్లిళ్ల మీద పూలు చల్లే పని కూడా ఒప్పుకున్నాం. మొదటి పెళ్లిలోనే గాలికి పూలన్నీ పోయి పక్క సందులో దాయాదుల పెళ్లి మీద పడ్డాయి. ఆ రెండిళ్ల వాళ్లకూ పదకొండేళ్లుగా మాటల్లేవు. మరునాడు మమ్మల్ని తిట్టడానికి మాత్రం ఒకే జీపులో వచ్చారు.

ఇక సంగయ్య. పాత విమానానికి బరువు లెక్కే ప్రాణం. ఎవరెంత బరువో తెలిస్తేనే ఎంత పెట్రోలు పోయాలో, ఎవరిని ముందు కూర్చోబెట్టాలో సారు తేల్చుకుంటాడు. జనాన్ని అడిగి రాసుకుందామా అంటే, వయసు గురించైనా ఒకసారి నిజం చెబుతారేమో గాని బరువు గురించి చెప్పరు. అందుకని తూకంలో నిక్కచ్చి మనిషి కావాలన్నాడు సారు. మా ఊళ్లో ఆ మాటకు ఒక్కటే అర్థం, దడ్వాయి సంగయ్య.

దడ్వాయి అంటే మార్కెట్లో రైతు తెచ్చిన సరుకు తూచే లైసెన్సు మనిషి. సంగయ్య నలభై ఏళ్లుగా అల్లం కాంటా దగ్గర నిలబడ్డాడు. ఆయన పలికిన బరువును మళ్లీ తూచిన మొనగాడు లేడు. రైతూ నమ్ముతాడు, సేటూ నమ్ముతాడు. ఆయన ఆస్తి అదే. మిగిలిందల్లా ఒక మోపెడ్డు, ముక్కు మీద కోపం. వారమంతా మార్కెట్లో, శని, ఆదివారాల్లో మా దగ్గర పనిచేయడానికి ఒప్పుకున్నాడు.

మార్కెట్లో బరువును గట్టిగా పలకాలి, నలుగురూ వినాలి. మొదటి తూకాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. మా విమానం ఎక్కడానికి వచ్చిన మొట్టమొదటి ప్రయాణికురాలు ప్రియాంక అనే కొత్త పెళ్లికూతురు. అత్తగారూ ఆడబిడ్డలూ చుట్టూ ఉండగా కాంటా ఎక్కింది.

"లాభం! డెబ్బై ఎనిమిదీ...!" అని సంగయ్య హ్యాంగరు రేకులు అదిరేలా కేక పెట్టాడు.

ఆ పిల్ల కాంటా మీదే బావురుమంది. ఆమె కళ్లు తుడిచేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఇకమీదట పలకొద్దు, చీటీ మీద రాసి మెల్లగా ఇవ్వమన్నాడు సారు. "గుసగుస తూకం దొంగ తూకం సారూ" అని సంగయ్య మూతి ముడుచుకున్నాడు. మూడు వారాలు మాతో మాట్లాడలేదు. చీటీలు మాత్రం రాశాడు, ముత్యాల్లాంటి అంకెలతో.

మొదటి ఏడాది తిరుగుడుకు ఐదుగురో ఆరుగురో వచ్చేవారు. పెద్దమ్మ రన్‌వే సగంలోనే గాల్లోకి లేచేది. రెండో ఏడు మాకు పేరొచ్చింది, ఎనిమిది సీట్లూ నిండాయి. అప్పటి నుంచి పెద్దమ్మకు నడుం వంగింది. సగంలో లేచేది ముప్పావులో లేచింది, తర్వాత చివరి రాళ్ల దగ్గర లేచింది. రన్‌వే అవతల పార్వతమ్మ చెరుకు తోట ఉంది. ఒక ఆదివారం ఆమె చేతినిండా చెరుకు మోవులు, తెగిపడిన కొసలు, పట్టుకుని ఆఫీసుకొచ్చి నా బల్ల మీద పడేసింది.

"మీ విమానం నా చెరుకు కోస్తున్నది. కూలోళ్లు కోస్తె కింద నుంచి కోస్తరు, ఇది మీది నుంచి కోస్తున్నది. గీ పని ఎవడు నేర్పిండు దీనికి?"

పార్వతమ్మ అరవై దాటిన మనిషి. రెండెకరాల చెరుకు, ఎకరం అల్లం ఒంటిచేత్తో చేస్తుంది. ఆమెతో వాదించి గెలిచినవాడు మా మండలంలో లేడు. సారు వాదించలేదు. ఆ మోవులను చూసి ఆయన ముఖం తెల్లబడింది. ఆ రోజు నుంచే టికెట్లు ఆపించేశాడు.

మెకానిక్కు రాకేశ్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో చేతులు పండిన కుర్రాడు. ఇంజన్లు దించి, కడిగి, ఎక్కించాడు. ఎనిమిది మంది బరువుకు సరిపడా సంగయ్య తూచిన మనుషులనే ఎక్కించి, చెరుకు లేని వైపు రన్‌వే మీద పరుగెత్తించి చూస్తే పెద్దమ్మ ఎప్పటిలాగే ఈడ్చింది. మళ్లీ దించాడు. చిన్నమ్మలో పనికొచ్చే ప్రతి సామానూ పీకి పెట్టాడు. మూడోసారీ దించాడు. ఆర్నెల్లయింది.

"ఇంజన్ల ఏం దోషం లేదు సార్. వయసయింది, అంతే" అన్నాడు చివరికి, తన ఇంట్లో ముసలామె గురించి డాక్టరుతో చెబుతున్నట్టు.

సారు పెద్దమ్మ రెక్క మీద చెయ్యి వేశాడు. మనుషులను ఎక్కించలేని విమానం నాకెందుకన్నాడు. ఆ మాట వినగానే హైవే మీద దాబా నడిపే రామ్‌కిషన్ వాలిపోయాడు. విమానం లోపల బల్లలు వేస్తాడట, రెక్కల కింద ఫ్యామిలీ సెక్షనట, తోక దగ్గర తందూరీ పొయ్యి అట. గురువారం క్రేను తెస్తానని చెప్పి పోయాడు. డెబ్బై ఏళ్లు ఆకాశంలో తిరిగిన మనిషిని కూర్చోబెట్టి నెత్తి మీద బిర్యానీ వండుతారా?

ఆదివారం నాడు సారు మా సిబ్బంది ఇళ్లవాళ్లకు ఆఖరి తిరుగుడు తిప్పుతానన్నాడు. నలుగురేసి మాత్రమే, పెట్రోలు కూడా కొంచెమే. సంగయ్య భార్య సావిత్రమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. సంగయ్య ఆమెను కూడా తూచి, అరవై ఆరు అని చీటీ రాసిచ్చాడు. ఆ రోజు పెద్దమ్మ పదహారేళ్ల పిల్లలా లేచింది. ఆరిపోయే ముందు దీపం వెలుగుతుందంటారే, అదేలే అనుకున్నాం. మా బుద్ధి అంతవరకే పారింది.

సోమవారం సావిత్రమ్మ మోకాళ్ల నొప్పికి దవాఖానకు పోయింది. నర్సమ్మ మిషన్ ఎక్కించి డెబ్బై ఒకటని రాసి, బరువు తగ్గమంది. సావిత్రమ్మ ఇంటికొచ్చి చీటీలు రెండూ మొగుడి ముందు పెట్టింది. ఈ ముచ్చటంతా ఆమె నాకు చెప్పినదే.

"నిన్న అరవై ఆరు, ఇయ్యాల డెబ్బై ఒకటి. ఒక్క దినంల ఐదు కిలోలు ఏం మింగిన్నే? నువ్వు చెప్పు దడ్వాయి సాబ్, నీ కాంటా తప్పా, నా నోరు తప్పా?"

నలభై ఏళ్లలో సంగయ్యను ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆయన లేచి, సర్కారు ముద్ర ఉన్న ఇరవై కిలోల బాట్లు రెండు మోపెడ్డుకు కట్టుకుని, వెనక పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని, నేరుగా దవాఖానకు పోయాడు. చీటీ తీసుకోకుండా, లైనులో ఉన్న బాలింతలనూ దగ్గువాళ్లనూ దాటుకుని పోయి మిషన్ మీద బాటు పెట్టాడు. ఇరవై చూపించింది. రెండోది పెట్టాడు. నలభై చూపించింది.

"పెద్దయ్యా, బాట్లకు ఇక్కడ మందులియ్యరు. జరుగు జర" అంది నర్సమ్మ.

"మిషన్ మంచిగనే ఉన్నది. మరి తరుగు ఎంత తీసిన్రు?" అన్నాడు సంగయ్య.

"తరుగా? ఏం తరుగు?"

"మనిషి తరుగమ్మా."

"మనిషికి తరుగేందే?"

సంగయ్య బాట్లు ఎత్తుకుని బయటికొచ్చి, మోపెడ్డుకు తాళం పెట్టడం మరిచిపోయి కిక్కు కొడుతూ నిలబడ్డాడట.

తరుగంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. అల్లం భూమిలోంచి తవ్వింది, మట్టి అంటుకుని ఉంటుంది. కాబట్టి కాంటా మీద అరవై రెండు పడితే రెండు కిలోలు మట్టి కింద తీసేసి అరవై పలకాలి. గోనె బరువు కూడా తీసేయాలి. ఇది మా మార్కెట్లో తాతల నాటి రివాజు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నోరే తీసేసుకుంటుంది.

మంగళవారం పొద్దున నేను ఆఫీసు తాళం తీసేసరికి సంగయ్య మెట్ల మీద ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. పాత చీటీల కట్టలన్నీ ముందేసుకున్నాడు.

"బిడ్డా, నేను మనుషులకు తరుగు తీసిన" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు విప్పి చెప్పాడు. చెప్పులకు ఒక కిలో, బట్టలకు రెండు కిలోలు, పొద్దున తిన్న తిండికి రెండు కిలోలు. మనిషి బరువు రాయమన్నారు గాని మనిషి కట్టుకున్నదీ తిన్నదీ రాయమనలేదు కదా, అదంతా మట్టి కిందే లెక్క. ఎక్కడికీ పోని విమానానికి కూడా జనం టిఫిన్లు కట్టుకుని తలా ఒక బ్యాగు తెచ్చేవారు, ఖాళీ బ్యాగుకు మూడు కిలోలు గోనె తరుగు. నేను కాగితం మీద వేశాను. ఎనిమిది మందికి నలభై, ఎనిమిది బ్యాగులకు ఇరవై నాలుగు. మొత్తం అరవై నాలుగు కిలోలు. అంటే మేము ఇన్నాళ్లూ ఎనిమిది మందిని ఎక్కించామనుకుని, టికెట్ లేని తొమ్మిదో మనిషిని కూడా గాల్లో తిప్పుతున్నాం.

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత అందులో ఎక్కినవాళ్లు గుర్తొచ్చి ఆగిపోయింది. "పద సంగయ్య మామా, సారుకు చెబుదాం" అన్నాను.

ఆయన కదల్లేదు. "చెప్తె విమానం బతుకుతది. నేను బతుకుతనా? సంగయ్య కాంటా తప్పిందంటరు. రేపు మార్కెట్ల ఎవడన్న నా మాట ఇంటడా? నాకు ఇంకేమున్నది బిడ్డా?"

అది నిజమే. ఎల్లుండి క్రేను వస్తుంది. నోరు మూసుకుంటే ఇంజను ముసలిదైందని పోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. నాకు జాలీ కోపమూ కలిసి వచ్చాయి. "నువ్వు చెప్పకపోతే నేనూ చెప్పను. కానీ ఆ దాబాకు పోయి తిన్న రోజు నీ బుక్క దిగుతుందేమో చూసుకో" అన్నాను. కటువుగానే అన్నాను.

సంగయ్య కాసేపు చీటీలను సర్ది, తలపాగా చుట్టుకుని, హ్యాంగరులోకి నడిచాడు. అక్కడ సారు, రాకేశ్ ఉన్నారు. చెరుకు పరిహారం గురించి మాట్లాడటానికి వచ్చిన పార్వతమ్మ కూడా ఉంది. గుసగుసగా చెబితే దొంగతనమవుతుందనుకున్నాడో ఏమో, కాంటా పక్కన నిలబడి మార్కెట్ గొంతుతోనే పలికాడు.

"సంగయ్య తూకం తప్పూ! ఇంజను తప్పు గాదు, సంగయ్య తూకం తప్పూ! మనిషికి ఐదు కిలోలు, బ్యాగుకు మూడు కిలోలు తక్కువ రాసినా!"

రాకేశ్ చేతిలో పానా కింద పడింది. "మూడు సార్లు దించిన మామా ఇంజను! మూడు సార్లు! నా నడుం చూడు!" అని నేల మీద కూలబడ్డాడు.

సారు నవ్వలేదు. కాగితం తీసుకుని లెక్క చూశాడు. "ఎనిమిది ప్రాణాలు సంగయ్యా" అన్నాడు మెల్లగా. సంగయ్య రెండు చేతులూ జోడించాడు. గట్టిగా తిట్టినా బాగుండేదనిపించింది నాకు. సారే మళ్లీ అన్నాడు, "తప్పు నాది కూడా. బరువు రాయమన్న గాని ఎట్ల రాస్తున్నవో ఒక్కసారన్న అడగలే."

బుధవారం పొద్దున మళ్లీ తూచాం. చెప్పులతో, బట్టలతో, తిన్న తిండితో సహా. నిజం బరువు వేసి, పెద్దమ్మ వయసుకు ఇంకొకరిని తగ్గిస్తే మోయగలిగేది ఆరుగురిని. అంతకు మించి ఒక్క కిలో వద్దన్నాడు సారు. ఆరుగురిలో ఒకడిగా సంగయ్యను ఎక్కమన్నాడు. "నీ తూకం మీద నువ్వు కూసో" అన్నాడు. మనిషి తలపాగా బిగించుకుని ఎక్కాడు. నేను, పార్వతమ్మ చెరుకు గట్టు మీద నిలబడ్డాం. పెద్దమ్మ దగ్గి, పొగ వదిలి, ఎర్ర దుమ్ము లేపుకుంటూ పరుగెత్తింది. సగం దాటిందో లేదో చక్రాలు నేలను వదిలాయి. మా నెత్తుల మీదుగా, చెరుకు మీదుగా, నాలుగు నిలువుల ఎత్తున పోయింది. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను.

దిగాక అందరూ చప్పట్లు కొట్టారు. సంగయ్య బిగించిన తలపాగా వదులు చేసుకున్నాడు. అప్పుడు పార్వతమ్మ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"సంగయ్యా, మనుషుల బరువు తక్కువ రాస్తె విమానం లేస్తలేదని నీకు ఎరుకైంది. పాతికేండ్ల సంది నా అల్లం బరువు తక్కువ రాస్తున్నవ్. నా ఇంట్ల ఏం లేవకుంట పోయిందో ఎవరన్న వచ్చి చూసిన్రా?"

"అది రివాజు పార్వతమ్మా. మట్టి..."

"నేను కడిగి తెస్త గదా."

చప్పట్లు కొట్టిన చేతులు మెల్లగా కిందికి దిగాయి.

గురువారం రామ్‌కిషన్ క్రేనుతో వచ్చి, విషయం విని లబోదిబోమన్నాడు. అప్పటికే బోర్డు రాయించాడట. పీకడానికి ఇంకేమీ మిగలని చిన్నమ్మను సారు అతనికి అప్పజెప్పాడు. దానిలో బిర్యానీ బాగానే ఉంటుందని విన్నాను. నేను మాత్రం తినలేదు. పెద్దమ్మ ఇప్పటికీ ఆరుగురితో తిరుగుతూనే ఉంది.

తర్వాతి సోమవారం మార్కెట్లో ఏం జరిగిందో ఊరంతా చూసింది. పార్వతమ్మ బస్తా కాంటా మీదికి వచ్చింది. అరవై రెండు పడింది. సంగయ్య బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, నాలుగు కొమ్ములు తీసి, బొటనవేలితో రుద్ది చూశాడు.

"అరవై రెండూ!" అని పలికాడు.

సేటు చెవులు రిక్కించాడు. "తరుగు?"

"మట్టి ఉంటె మట్టి తూచి తీస్త. లేని మట్టికి తరుగు తియ్య."

ఆ రోజు మధ్యాహ్నానికే సేట్లు ఆయన్ని పక్కన పెట్టి కాంటా వేరేవాళ్లకిచ్చారు. విమానం దగ్గర తలకాయ తిరిగిందని పుకారు లేపారు. సంగయ్య వచ్చి మా ఆఫీసులో కూర్చుని, చీటీల మీద గీతలు గీస్తూ ఉండిపోయాడు. నలభై ఏళ్ల పేరు పోయిందనే ఆయన లెక్క. ఓదార్చబోయి తిట్లు తిన్నాను.

ఆ పై వారం మార్కెట్ గేటు బయట అల్లం టెంపోలు నిలిచిపోయాయి. ఇరవైకి పైగానే ఉన్నాయి. ఎవరూ బస్తా దించడం లేదు. సంగయ్య వచ్చి తూస్తేనే దించుతామంటున్నారు. ముందు టెంపో మీద పార్వతమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. పది గంటలకు సేట్లు బతిమాలారు, పన్నెండింటికి బెదిరించారు, రెండింటికి మా ఆఫీసుకు మనిషిని పంపారు. సంగయ్యను సారు తన జీపులో తీసుకుపోయాడు, నేనూ ఎక్కాను. ఆ గేటు దగ్గర జనం దారి ఇస్తుంటే, ఆయన ఎవరి వైపూ చూడకుండా నేల చూస్తూ నడిచాడు. చూస్తే ఏడుస్తాడని నాకు తెలుసు.

మొదటి బస్తా పార్వతమ్మదే. హడావుడిలో ఆ వారం కడగనే లేదు. సంగయ్య అల్లమంతా గోనె మీద పోయించి, దులిపించి, రాలిన మట్టిని ఒక తట్టలోకి ఎత్తించి, అందరి ముందూ విడిగా తూచాడు. కిలోన్నర ఉంది.

"తరుగు కిలోన్నరా!" అని పలికాడు.

"తియ్యనంటివి గదనే!" అని పార్వతమ్మ గయ్యిమంది.

"మట్టి మట్టేనమ్మా. కండ్ల ముంగట ఉన్నది, తూచిన, తీసిన."

పార్వతమ్మ టెంపో మీంచి దిగి, కొంగు పరిచి, ఆ మట్టినంతా అందులో పోసుకుని మూట కట్టింది.

"తీసిన తరుగు నాదే గదా. పాతికేండ్లు మీరే ఉంచుకున్నరు. ఇది నా చేనుకు నేను తీస్కపోత" అని మూట సంకన పెట్టుకుని, మిగతా బస్తాలు దించమని కూలీలకు సైగ చేసింది.